గడ్డ తీశాక కూడా గోళీ ఎందుకు?

“గడ్డ తీసేసిండ్రు గదా బిడ్డా, ఇంక గోళీలెందుకు?” రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు నల్లగొండ జిల్లా మునుగోడు దగ్గరుండే మా చిన్నమ్మ అడిగిన మాట ఇది. గూట్లో స్టీలు డబ్బా తీసి చూస్తే, క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చిన లెట్రోజోల్ గోళీల షీట్లు మూడు ముట్టకుండా ఉన్నాయి. మోకాళ్లు, వేళ్ల కణుపులు పట్టేస్తుంటే మొదట ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అనుకుంది. మా వైపు కీళ్లు నొస్తే ఎవరైనా అనేది అదే. గోళీలు మొదలయ్యాకే నొప్పి పెరిగిందని గుర్తుపట్టి, డాక్టరుకు కూడా చెప్పకుండా మానేసింది.

ఆమె అడిగినదానికి జవాబు చాలా వెనక ఉంది. ఈనిన ఆవుకు అండాశయాలు తీసేస్తే ఎక్కువ కాలం పాలిస్తుందని కొన్ని దేశాల రైతులకు తెలుసు. గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్‌కు ఆ సంగతి మనసులో పడింది. ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకామెకు అండాశయాలు తీసి చూస్తే గడ్డలు కరిగాయి. 1896లో ఆయన ఆ ఫలితం ప్రకటించేనాటికి హార్మోన్ అనే మాటే పుట్టలేదు.

కానీ ఆ ఆపరేషన్ అందరికీ పనిచేయలేదు. ఎందుకో షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ పరిశోధనతో తెలిసింది. కొన్ని గడ్డల కణాలకు, అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు (రిసెప్టర్లు) ఉంటాయి, ఆ హార్మోన్‌తోనే అవి పెరుగుతాయి. కొన్నిటికి ఆ గ్రాహకాలు ఉండవు. మన రిపోర్టులో “ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్) పాజిటివ్” అని రాసేది దాని గురించే. అది నెగటివ్ అయితే ఈ గోళీలతో లాభం లేదు.

ఈస్ట్రోజన్‌ను ఆ గ్రాహకాలకు అంటకుండా అడ్డుకునే గోళీ టామోక్సిఫెన్. అది పుట్టింది క్యాన్సర్ కోసం కాదు. 1962లో బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ దాన్ని తయారుచేసినప్పుడు, వాళ్లు వెతుకుతున్నది గర్భం రాకుండా ఆపే మందు. మనుషుల్లో అది ఆ పని చేయకపోగా అండం విడుదలను పెంచింది. పక్కన పడేయాల్సిన ఆ మందు 1971 నాటికి మాంచెస్టర్‌లో రొమ్ము క్యాన్సర్ మీద ప్రయోగానికి వచ్చింది. తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్లు ఐదేళ్లు వాడితే పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఆపరేషన్‌లో గడ్డ పోతుంది, కంటికి కనపడని కణాలు ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. గోళీ వాటి కోసం.

దీనికి మూల్యం లేకపోలేదు. టామోక్సిఫెన్‌తో ఒళ్లంతా సెగలు వస్తాయి. అరుదుగా రక్తం గడ్డకడుతుంది, ముట్లుడిగినవాళ్లకు గర్భసంచి క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ శరీరం ఈస్ట్రోజన్ తయారుచేసుకోవడాన్నే ఆపుతాయి. అందుకే కీళ్లు పట్టేస్తాయి, ఎముక పలచబడుతుంది. నల్లగొండలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఫ్లోరైడ్ పేరుకున్న ఎముక స్కాన్‌లో గట్టిగా కనిపిస్తూనే లోపల పెళుసుగా ఉండొచ్చు. ఏళ్ల తరబడి తాగిన బోరు నీళ్ల సంగతి డాక్టరుకు చెప్పాల్సిందే.

2007లో ఆరోగ్యశ్రీ మొదట వచ్చిన మూడు జిల్లాల్లో మా పక్కనున్న మహబూబ్‌నగర్ (పాలమూరు) ఒకటి. ఆపరేషన్ ఖర్చు భయం దాంతో తగ్గింది. ఐదేళ్లు రోజూ గోళీ గుర్తుచేసే పని మాత్రం ఇంటిదే. వలస పోయే ఇంట్లో అదెంత కష్టమో పాలమూరు వాళ్లకు చెప్పక్కర్లేదు.

చిన్నమ్మను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నొప్పి ఎప్పుడు మొదలైందో ఆయన అడిగి అడిగి తెలుసుకున్నారు, ఎముకల పరీక్ష చేయించారు, గోళీ మార్చారు. “మానేసే ముందు నాకొక్క మాట చెప్పమ్మా” అన్నారు. ఇప్పుడు ఆమె షీటు వెనక ఒక్కో గోళీ దగ్గర పెన్నుతో తారీఖు వేసుకుంటోంది.