పిండి పోయాక మిగిలేది

కరీంనగర్ జిల్లా నుంచి ఒక పాడిరైతు ప్రశ్న పంపారు. ఆయన మేనల్లుడు అమెరికాలో, ఒమాహా నగరంలో ఉద్యోగం చేస్తాడు. ఒక ఆదివారం ఆ అబ్బాయి నెబ్రాస్కా పల్లెల వైపు వెళ్ళి, ఒక ఫీడ్‌లాట్ (మాంసం కోసం పశువులను బలిపించే పెద్ద దొడ్డి) పక్కన కారు ఆపి వీడియో తీసి మామకు పంపాడు. వేల పశువులు పొడవాటి సిమెంటు తొట్టి ముందు వరసగా నిలబడి, తడితడిగా బెల్లం రంగులో ఉన్న మేత తింటున్నాయి. ఇథనాల్ ఫ్యాక్టరీలో మిగిలిన పిప్పి అని చెప్పాడట. రైతు ప్రశ్న ఇది: "మక్కల సారమంతా పెట్రోలుల కలిపేటందుకు పోయినంక, మిగిలిన పిప్పిల ఏముంటది సార్? అది తిని ఆ గొడ్లు అంత బలంగ ఎట్లున్నయి? మా దగ్గర గూడ బియ్యం డీడీజీఎస్ అని బస్తాలొస్తున్నయి. నా బర్రెలకు పెట్టొచ్చునా?" డీడీజీఎస్ అంటే ఇథనాల్ తీశాక మిగిలినదాన్ని ఎండబెట్టి అమ్మే మేత.

ఈ ప్రశ్నలో 'పిప్పి' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన అనుమానమంతా ఆ మాటలోనే ఉంది. చెరకు గడను గానుగలో పెడితే రసం బయటికి పోతుంది, పీచు మిగులుతుంది. దాన్ని పొయ్యిలో పెడతాం. గింజ నుంచి ఇథనాల్ తీయడం కూడా అలాంటిదే అనుకుంటాం. కానీ గింజ సంగతి వేరు. దీనికి గానుగ పోలిక పనికిరాదు, కోవా పోలిక కావాలి. పాలను మరిగిస్తే పోయేది నీళ్ళు ఒక్కటే. వెన్న, మాంసకృత్తులు, సున్నం అన్నీ బాణలిలోనే ఉండి చిక్కబడతాయి. మొక్కజొన్నలో ఆ నీళ్ళ స్థానం పిండి పదార్థానిది. దాన్ని ఆవిరి చేసే మంట ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి.

మొక్కజొన్నను మర ఆడించి, నీళ్ళతో ఉడికించి ఎంజైములు వేస్తే పిండి విడిపోయి గ్లూకోజు అవుతుంది. అన్నం ముద్దను మింగకుండా నమిలితే నోట్లో తియ్యబడేది కూడా ఇలాగే. ఆ గ్లూకోజును ఈస్ట్ తింటుంది. బడిలో ఈ సమీకరణాన్ని బోర్డు మీద రాసి బట్టీ పట్టించారు నాకు. ఆ అంకెలను ఒక్కసారి తూకం వేసి చూపించి ఉంటే జన్మలో మరిచిపోయేవాణ్ణి కాదు. 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడు వస్తాయి. దాదాపు సగం ద్రవం, సగం గాలి. రెండూ ఫ్యాక్టరీ నుంచి వెళ్ళిపోతాయి. గింజలోని మాంసకృత్తులను, నూనెను, పీచును ఈస్ట్ దాదాపు ముట్టుకోదు. పైగా తను పెరిగి, చచ్చి, తన ఒంట్లోని మాంసకృత్తులను కూడా అందులోనే వదిలిపోతుంది.

అమెరికాలో గింజలను బుషెల్‌లో కొలుస్తారు. ఒక బుషెల్ మొక్కజొన్న 25.4 కిలోలు. దాని నుంచి సుమారు 11 లీటర్ల ఇథనాల్, 8 కిలోలకు కొంచెం తక్కువగా ఎండు మేత వస్తాయి. స్వేదనం, నీటిని వేరు చేయడం లాంటి దశలను ఇక్కడ వదిలేస్తున్నాను, మన ప్రశ్నకు వాటితో పని లేదు. పని ఉన్నది ఒకే ఒక్క అంకెతో: మూడు. గింజలో మూడింట రెండు వంతులు పిండి. అది పోతే మూడో వంతు మిగులుతుంది. కాబట్టి పిండి కానిదల్లా మూడు రెట్లు చిక్కబడుతుంది.

ఈ మూడుతో లెక్క కట్టి చూడండి. మొక్కజొన్నలో మాంసకృత్తులు 9 శాతం, మిగిలిన మేతలో 27 నుంచి 30. కొవ్వు 4 శాతం, మేతలో 10 నుంచి 12. (ఇప్పుడు చాలా ఫ్యాక్టరీలు సెంట్రిఫ్యూజ్‌తో కొంత నూనె ముందే తీసేసుకుంటున్నాయి, అందుకని ఈ అంకె తగ్గింది.) భాస్వరం 0.3 శాతం దగ్గర మొదలై 0.8, 0.9 దాకా వెళుతుంది. పీచు కూడా అంతే. రైతు అడిగిన 'సారం' ఎక్కడికీ పోలేదు. ఒక రకం సారం పోయి, మిగతావి కోవా అయ్యాయి.

అసలు ఆశ్చర్యం దీని తర్వాత వస్తుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో టెర్రీ క్లోఫెన్‌స్టైన్, గాలెన్ ఎరిక్సన్ బృందం ఈ మేత మీద ఏళ్ళ తరబడి దాణా ప్రయోగాలు చేసింది. 2008లో వాళ్ళు ఆ ఫలితాలన్నీ ఒకచోట చేర్చి ప్రచురించారు. బరువు పెంచడంలో మొక్కజొన్న విలువ 100 అనుకుంటే, దాని స్థానంలో ఎండబెట్టకుండా పెట్టిన తడి మేత విలువ 130కి పైనే వచ్చింది. పిండి తీసేసిన గింజ, పిండి ఉన్న గింజ కంటే బాగా పనిచేస్తోంది! మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. దీని జవాబు పశువు పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో ఉంది.

మన ఊళ్ళలో అందరికీ తెలిసిన ఒక సంఘటనతో చెబుతాను. పెళ్ళి భోజనాలయ్యాక మిగిలిన అన్నం గంప నిండా తెచ్చి బర్రె ముందు పెడతారు. అది ఇష్టంగా తినేస్తుంది. తెల్లారేసరికి మేత ముట్టదు, నెమరు వేయదు, పడిపోతుంది. పెళ్ళిలో ఎవరిదో దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. ఆ ఇంటివాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ గంటలు చాలా విలువైనవి. లోపల జరుగుతున్నది ఇది: రూమెన్‌లోని సూక్ష్మజీవులకు అంత పిండి ఒక్కసారిగా దొరికితే, లాక్టిక్ ఆమ్లం తయారుచేసేవి విజృంభిస్తాయి. మామూలుగా 6 పైన ఉండే పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది) 5 కంటే కిందికి పడిపోతుంది. పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. దిష్టి తీసే సమయంలో పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే చాలా బర్రెలు బతుకుతాయి.

ఫీడ్‌లాట్‌లో చివరి నాలుగైదు నెలలు పశువులకు రోజూ అలాంటి పెళ్ళి భోజనమే. ఇథనాల్ ఫ్యాక్టరీలు పెరగక ముందు మేతలో 80 శాతానికి పైగా మొక్కజొన్నే ఉండేది. పడిపోయేంత కాకపోయినా, లోలోపల కొంచెం ఆమ్లం, కొంచెం ఆకలి తగ్గడం, కొంచెం నష్టం ఉంటూనే ఉండేవి. అందులో మూడో వంతు తీసి ఈ మేత పెడితే పిండి తగ్గుతుంది. దాని స్థానంలో వచ్చేది మొక్కజొన్న పొట్టులోని పీచు. అది వరిగడ్డి లాంటి మొండి పీచు కాదు, నిదానంగా అయినా బాగా జీర్ణమవుతుంది. పొట్టలో పులుపు అంతగా ఎక్కదు. కొవ్వు మూడు రెట్లు ఉంది కాబట్టి శక్తి తగ్గదు, ఎందుకంటే ఒక గ్రాము కొవ్వులో గ్రాము పిండి కంటే రెట్టింపు పైన శక్తి ఉంటుంది. మాంసకృత్తులలో సగానికి పైగా రూమెన్‌ను దాటుకుని, విరగకుండా చిన్నపేగు దాకా వెళ్ళి నేరుగా పశువుకు అందుతాయి. అయినా కాస్త గడ్డి పెట్టి తీరాలి. నెమరు వేయడానికి పొడవాటి పీచు ఉండాల్సిందే.

తడి మేత ఎండు మేత కంటే మెరుగని ఆ ప్రయోగాల్లోనే తేలింది. ఎండబెడితే విలువ కొంత తగ్గుతుంది, గ్యాస్ ఖర్చు కూడా ఎక్కువే. కానీ తడి మేతలో మూడింట రెండు వంతులు నీళ్ళే. వేసవిలో కొద్ది రోజులకే బూజు పడుతుంది, దూరం తీసుకెళితే లారీ కిరాయి గిట్టదు. నెబ్రాస్కాలో మొక్కజొన్న పొలం, ఇథనాల్ ఫ్యాక్టరీ, ఫీడ్‌లాట్ పక్కపక్కనే ఉండటం ఆ రాష్ట్రానికి కలిసొచ్చింది. లారీ ఉదయం ఫ్యాక్టరీలో నింపుకొని, మధ్యాహ్నానికి తొట్టిలో పోయగలదు.

ఇప్పుడు కోవా పోలికను వెనక్కి తిప్పి చూద్దాం. పాలలో ఎవరైనా ఏదైనా కలిపి ఉంటే, కోవాలో అదీ చిక్కబడుతుంది. మూడు రెట్ల లెక్కకు మంచీ చెడూ తెలియదు.

భాస్వరం ఎక్కువై సున్నం తక్కువైతే, విత్తులు తీసిన మగ పశువుల మూత్రనాళంలో రాళ్ళు పడతాయి. అందుకే ఫీడ్‌లాట్ దాణాలో సున్నపురాయి పొడి కలుపుతారు. ఒంటికి పట్టని భాస్వరం పేడలోకి పోతుంది. ఆ పేడను ఒకే పొలంలో మళ్ళీ మళ్ళీ వేస్తే వానకు కొట్టుకుపోయి చెరువుల్లో నాచు పెరుగుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గంధకం. మొక్కజొన్నలో అది 0.12 శాతం దగ్గర ఉంటుంది, మూడు రెట్లయితే 0.36 రావాలి. కానీ చాలాసార్లు 0.6, 0.8, ఒక్కోసారి 1 శాతం కూడా ఉంటుంది. ఫ్యాక్టరీలో పులియబెట్టే ద్రవం పీహెచ్‌ను సరిచేయడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తారు, అందుకే ఆ తేడా. కోవా కాస్తున్న బాణలిలో పైనుంచి ఉప్పు వేసినట్టు. పిండి ఎక్కువగా ఉండే దాణాలో గంధకం 0.3 శాతం దాటకూడదని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2005లో చెప్పింది. లెక్క వేద్దాం. 0.8 శాతం గంధకం ఉన్న మేత దాణాలో 40 శాతం ఉంటే 0.32 వచ్చింది. మిగతా 60 శాతం మొక్కజొన్న నుంచి 0.07. మొత్తం 0.39. హద్దు దాటాం, ఇంకా తాగే నీళ్ళలోని సల్ఫేటును లెక్కలోకే తీసుకోలేదు.

దాటితే ఏమవుతుంది? రూమెన్‌లోని కొన్ని సూక్ష్మజీవులు సల్ఫేటు రూపంలో ఉన్న గంధకాన్ని సల్ఫైడుగా మారుస్తాయి. ద్రవంలో కరిగి ఉన్న సల్ఫైడు రెండు రూపాల్లో ఉంటుంది: కరిగే ఉండే అయాను, పైకి లేచే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు, అదే కుళ్ళిన గుడ్డు వాసనది. ఏది ఎంత అన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. 6.8 దగ్గర దాదాపు సగం వాయువు. 5.2కు పడితే దాదాపు మొత్తం వాయువే. అంటే పిండి మేతతో పుట్టిన పులుపు, గంధకంతో చేతులు కలుపుతుంది. పశువు త్రేన్చినప్పుడు ఆ వాయువు గొంతు దాకా వచ్చి, అందులో పెద్ద భాగం మళ్ళీ ఊపిరితో లోపలికి వెళుతుంది. పేగుల నుంచి రక్తంలో చేరే సల్ఫైడును కాలేయం విరిచేస్తుంది. ఊపిరితిత్తుల గుండా వచ్చింది కాలేయానికి వెళ్ళకుండానే మెదడును చేరుతుంది. అక్కడ కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేక మెదడు పైపొర మెత్తబడిపోతుంది. పశువుకు చూపు పోతుంది, తల గోడకు ఆనించి నెడుతుంది, ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోతుంది. దీన్ని పోలియో అంటారు కానీ పిల్లలకు వచ్చే పోలియోతో సంబంధం లేదు. మన ఊళ్ళో ఇలాంటి గొడ్డును చూస్తే గాలి సోకిందంటారు. ఇక్కడ నిజంగా సోకింది గాలే, కాకపోతే దాని సొంత పొట్టలో పుట్టిన గాలి.

నెబ్రాస్కాలోనే మీడ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి దగ్గర ఒక ఇథనాల్ ప్లాంటు తినే మొక్కజొన్నకు బదులు, కంపెనీలకు అమ్ముడుపోని విత్తనాలు తీసుకునేది. అవి పురుగుమందు పట్టించిన విత్తనాలు. ఈస్ట్ పిండిని తినేసింది, మందు అడుగున మిగిలింది. ఆ మేతను పశువులకు పెట్టడానికి వీల్లేక గుట్టలుగా పోశారు. చుట్టుపక్కల జనం దుర్వాసనతో అవస్థ పడ్డారు, దగ్గర్లోని విశ్వవిద్యాలయ పరిశోధకుల తేనెటీగలు చచ్చిపోయాయి. 2021 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్లాంటును మూయించింది.

ఇక కరీంనగర్ బర్రెల దగ్గరికి వద్దాం. బియ్యంలో మొక్కజొన్న కంటే పిండి చాలా ఎక్కువ, మిగిలేది తక్కువ. కాబట్టి ఇక్కడ గుణకారం మూడు కాదు, ఐదు దాటుతుంది. బియ్యంలో 8 శాతం ఉన్న మాంసకృత్తులు డీడీజీఎస్‌లో 45 దాకా వస్తాయి. బస్తా మీద ఆ అంకె చూసి మోసమేమో అనుకోనక్కర్లేదు, లెక్క సరిపోతుంది. కానీ అదే ఐదు బూజుకూ వర్తిస్తుంది. ఇథనాల్‌కు మంచి బియ్యంతో పాటు పాడైన ధాన్యం కూడా వెళుతుంది. ఆ ధాన్యంలో అఫ్లాటాక్సిన్, అంటే బూజు తయారుచేసే విషం, ఉంటే, వండినా పులియబెట్టినా పూర్తిగా పోదు. అమెరికాలో మాంసానికి పెంచే పశువుల చివరి దశ దాణా మొక్కజొన్నలో అది 300 పీపీబీ (వంద కోట్ల పాళ్ళలో 300 పాళ్ళు) వరకు అనుమతి, పాడి పశువుల మేతలో 20 మాత్రమే. తేడా ఎందుకంటే పాడి పశువు తిన్నదాంట్లో కొంత పాలలోకి వస్తుంది. ఆ పాలు పిల్లలు తాగుతారు. మన దేశంలో పాలలో దాని హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు.

అందుకని ఆ రైతుకు నా జవాబు: పెట్టొచ్చు. కానీ చెక్కకు బదులుగా పెట్టండి, గడ్డికి బదులుగా వద్దు. వేరుశనగ చెక్క, పత్తి చెక్క పెట్టే చోట కొంత తగ్గించి, రోజుకు అర కిలోతో మొదలుపెట్టి రెండు వారాల్లో నిదానంగా పెంచండి. సున్నం ఉన్న ఖనిజ లవణాల మిశ్రమం ఆపొద్దు. చేతిలోకి తీసుకొని చూడండి: లేత గోధుమ రంగు మంచిది, మాడిన దోశ రంగులో ఉంటే వేడికి మాంసకృత్తులు బిగిసిపోయి బర్రెకు అందవు. ముక్కిన వాసన వస్తే వెనక్కి పంపండి. మాంసకృత్తుల అంకె ఒక్కటే చూసి కొనొద్దు. పరీక్షలో నత్రజనిని కొలిచి 6.25తో గుణించి ఆ అంకె రాస్తారు, కాబట్టి యూరియా కలిపినా అది పెరుగుతుంది. అఫ్లాటాక్సిన్ పరీక్ష కాగితం అడగండి. అది దొరికితే ఫొటో తీసి నాకు పంపండి, అందులోని అంకెలు ఇద్దరం కూర్చుని ఐదుతో భాగించి చూద్దాం, అసలు ధాన్యం ఎలాంటిదో తెలిసిపోతుంది.