స్టాంపు పేపరు సరే, సెక్షన్ ఏది?

ఇంటిపనికని వెళ్లి కువైట్‌లో చిక్కుకున్న మహిళ ఏడుస్తూ పంపిన సెల్ఫీ వీడియో బయటికొచ్చినప్పుడల్లా నెల్లూరులో జరిగే తంతు ఒకటే. తల్లో, మొగుడో సోమవారం గ్రీవెన్స్‌కి అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌కి వస్తారు. ఏజెంట్‌ని స్టేషన్‌కి పిలిస్తే మడత పెట్టిన స్టాంపు పేపరు తీస్తాడు. ఇష్టపడే వెళ్తున్నానని రాసి, కింద వేలిముద్ర. కేసు చీటింగ్ దగ్గర ఆగిపోతుంది. ఇలాంటి ఏజెంట్ల మీద రాష్ట్రానికి విడిగా చట్టం ఉండాలన్న మాట మళ్లీ లేచేది అక్కడే.

గల్ఫ్ వలసల పాత కథ అందరికీ తెలిసిందే. అసలు మెలిక పడింది 2013లో. నిర్భయ ఘటన తర్వాత ఫిబ్రవరి 3న ఆర్డినెన్స్ వచ్చింది. భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో బానిసల కొనుగోలు మీద ఉన్న పాత 370 సెక్షన్ పోయి, మనుషుల అక్రమ రవాణా దాని చోటికొచ్చింది. దోపిడీ అంటే ఏమిటో చెప్పేచోట బలవంతపు చాకిరీ కూడా ఉంది. మార్చిలో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో ఆ మాట ఎగిరిపోయింది. లైంగిక దోపిడీ, బానిసత్వం, అవయవాలు తీయడం లాంటివి మిగిలాయి. జీతం అందక, పాస్‌పోర్టు సేటు బీరువాలో ఇరుక్కుని, అర్ధరాత్రి దాకా గిన్నెలు తోమే మనిషిని వీటిలో దేని కిందికి తేవాలి? 'దాస్యం' కిందికి తేవచ్చు, కాదనను. ఎఫ్ఐఆర్ రాసే చేతికి మాత్రం చీటింగ్ సెక్షన్ (పాత 420) అలవాటు. ఐపీసీ స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో భిక్షాటన చేర్చారు, చాకిరీని చేర్చలేదు.

ఈ నేరంలో బాధితురాలి సమ్మతి లెక్కలోకి రాదని ఆ సెక్షనే చెబుతోంది. వేలిముద్రను ముందుగా చూడాల్సింది ఈ కంటితోనే.

టికెట్టు, వీసా ఖర్చు మేమే పెట్టుకున్నాం అంటారు ఏజెంట్లు. 1983 వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్‌కి గరిష్ఠ శిక్ష 2 ఏళ్ల జైలు, 2,000 రూపాయల జరిమానా. అక్రమ రవాణాకైతే కనీసం 7 ఏళ్లు. తేడా ఏమిటో వాళ్లకూ తెలుసు. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాల్సినది) ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్న పాత నిబంధనకు తోడు, రాష్ట్ర విదేశీ ఉద్యోగాల సంస్థ ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే ఇంటిపనికి వెళ్లాలని 2016లో కట్టడి వచ్చాక, విజిట్ వీసా దారి దొరికింది.

పంజాబ్ 2012లోనే మనుషుల స్మగ్లింగ్ నిరోధక చట్టం చేసి ట్రావెల్ ఏజెంట్లకు లైసెన్స్ తప్పనిసరి చేసింది. మన 1986 పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం పేరులో గూండాలు, సారా వ్యాపారులు, వ్యభిచార రవాణాదారులు, భూకబ్జాదారులు ఉన్నారు. ఊళ్లోని సబ్ ఏజెంట్ లేడు. ఉదయగిరి మెట్టలో అతనికి ఆఫీసు, బోర్డు ఏమీ ఉండవు. ఫోన్ నంబరే దుకాణం. చాలాసార్లు ఆ ఏజెంటు వరసకు పిన్నో, అక్కో అవుతుంది కూడా.