తప్పు చేసిన ఆడపిల్లను చట్టం ఏం చేస్తుంది?

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

పదిహేనేళ్ల అమ్మాయి దొంగతనం చేసి దొరికితే జైల్లో పెడతారా అని మీరు అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. జైల్లో పెట్టరు, పెట్టకూడదు కూడా. కానీ అంతటితో ఆపితే మీకు సగమే చెప్పినట్టవుతుంది. నేను కొన్నేళ్లపాటు బాల న్యాయ మండలిలో సభ్యురాలిగా పనిచేశాను. వాడుకలో దాన్ని జువెనైల్ బోర్డు అంటారు. అక్కడ కూర్చున్నాక నాకు స్పష్టంగా తెలిసిన విషయం ఒకటుంది. మగపిల్లవాడు తప్పు చేస్తే మన వ్యవస్థ ఆ తప్పు గురించి అడుగుతుంది. ఆడపిల్ల చేస్తే ఆ తప్పుతో పాటు ఆమె నడవడిక గురించి కూడా అడుగుతుంది, ఆ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు నచ్చకపోతే ఆమె మంచికోసమే అంటూ మరికొన్నాళ్లు లోపలే ఉంచుతుంది. అది ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే ముందు చట్టం ఏమంటుందో తెలియాలి.

ఇప్పుడు అమలులో ఉన్నది 2015 నాటి బాల న్యాయ చట్టం. 2016 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. నేరం జరిగిన రోజుకు 18 ఏళ్లు నిండని వారందరూ, ఆడైనా మగైనా, దీని కిందికే వస్తారు. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా అది నేరం కాదు. ఏడు దాటి పన్నెండు నిండని పిల్లలకు తాము చేసిన పని ఎలాంటిదో, దాని పర్యవసానం ఏమిటో గ్రహించేంత పరిణతి లేదని తేలితే అదీ నేరం కాదు. ఈ నియమం పాత శిక్షాస్మృతిలో ఉండేది, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. పట్టుబడిన పిల్లలను లాకప్పులో ఉంచకూడదు, బేడీలు వేయకూడదు, ప్రయాణానికి పట్టే సమయం పోగా 24 గంటల్లోగా బోర్డు ముందుకు తీసుకురావాలి. వాళ్లతో మాట్లాడే పోలీసు మామూలు దుస్తుల్లో ఉండాలి. నేరం ఘోరమైనది కానప్పుడు, పెద్దవాళ్లతో కలిసి చేసినది కానప్పుడు ఎఫ్ఐఆర్ నమోదు చేయడానికే వీల్లేదు. స్టేషనులోని జనరల్ డైరీలో రాసుకుని, ఆ పిల్ల ఇంటి పరిస్థితుల నివేదికతో కలిపి బోర్డుకు పంపాలి. ప్రతి పోలీసు స్టేషనులో పిల్లల వ్యవహారాలకు ఒక అధికారి ప్రత్యేకంగా ఉండాలని కూడా చట్టం చెబుతుంది. ఆ అధికారి ఎవరని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకునే స్టేషన్లు నాకు చాలానే ఎదురయ్యాయి.

బోర్డు అంటే మీరు సినిమాల్లో చూసే కోర్టు హాలును ఊహించుకోకండి. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు స్త్రీ కావాలి. ఎత్తైన వేదిక, బోను ఉండకూడదని నియమం. మా గదిలో ఒక పొడవాటి బల్ల ఉండేది, దానికి ఇవతల మేము, అవతల ప్లాస్టిక్ కుర్చీలో ఆ పిల్ల, ఆమె వెనక అమ్మో నాన్నో నిలబడి ఉండేవారు. కూర్చోమని రెండుమూడుసార్లు చెబితే తప్ప కూర్చునేవారు కారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఏ పిల్లకూ దురుద్దేశం ఉండదన్న భావనతోనే విచారణ మొదలుపెట్టాలని చట్టం మూడో సెక్షను చెబుతుంది. మాకు అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం సామాజిక పరిశోధన నివేదిక. ప్రొబేషన్ అధికారి ఆ పిల్ల ఇంటికి, బడికి, వీధికి వెళ్లి, ఆమె ఎలా పెరిగిందో, ఏ పరిస్థితుల్లో ఈ పనికి దిగిందో కనుక్కుని, రెండు వారాల్లోగా రాసి ఇవ్వాలి. చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే, నన్ను ఎక్కువగా బాధపెట్టినదీ ఇదే.

ఎందుకో ఒక అమ్మాయి సంగతి చెబితే తెలుస్తుంది. గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చాను. పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టిన వారికి ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. వాట్సాప్ గ్రూపులో పంపినవారికీ ఈ నియమమే వర్తిస్తుంది. ఆ అమ్మాయి అపార్టుమెంటులో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి బీరువాలోంచి గొలుసు తీసి, తెలిసినవాళ్ల ద్వారా కుదువ పెట్టించింది. జీతం ఏనాడూ ఆమె చేతికి రాలేదు, నెలనెలా తండ్రి వచ్చి తీసుకుపోయేవాడు. పనిలో చేరేనాటికి ఆమెకు పదకొండేళ్లు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నేరం, అయినా గొలుసు పోయిందని ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు తామూ ఒక నేరం చేశామన్న ఊహ కలగలేదు, ఫిర్యాదు రాసుకున్నవాళ్లకూ కలగలేదు. మా దగ్గరికి వచ్చిన నివేదికలో చదువు ఐదో తరగతి, తండ్రికి తాగుడు, తల్లి కూలి అని ఒక్కో ముక్కతో సరిపెట్టి, నడవడిక అన్న చోట మాత్రం నాలుగు వాక్యాలు రాశారు. ఫోనులో ఎక్కువసేపు మాట్లాడుతుందట. లిఫ్టు దగ్గర డ్రైవరు కుర్రాడితో నవ్వుతూ కనిపించిందట. పొద్దుపోయాక ఇంటికి చేరుతుందట. ఎనిమిదింటి దాకా అంట్లు తోమించుకున్నది ఎవరో అందులో రాయలేదు.

అదే వారం బైకు దొంగిలించిన కుర్రాడొకడు వచ్చాడు. వాడి నివేదికలో సిగరెట్టు ప్రస్తావన తప్ప నడవడిక గురించి ఇంకేమీ లేదు. తండ్రి, మేనమామ ఆధార్ కార్డులు పట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చున్నారు, సాయంత్రానికి వాడు ఇంటికి వెళ్లాడు. ఈ అమ్మాయి కోసం మూడోరోజున తల్లి ఒక్కతే వచ్చింది. నలుగురిలో పరువు పోయిందని, కొన్నాళ్లు అక్కడే ఉంచమని తండ్రి చెప్పి పంపాడట. పిల్లల విషయంలో బెయిలు ఇవ్వడమే నియమం, నేరం బెయిలు దొరికేదైనా దొరకనిదైనా, పూచీకత్తు ఉన్నా లేకున్నా. కాదనడానికి చట్టం మూడు కారణాలనే ఒప్పుకుంటుంది: విడుదలైతే తెలిసిన నేరస్థుల చేతిలో పడుతుందని అనిపించడం, శారీరకంగానో మానసికంగానో నైతికంగానో ప్రమాదం ఉండటం, విడుదల వల్ల న్యాయం జరిగే దారి మూసుకుపోవడం. ఈ రెండో కారణంలోని నైతిక ప్రమాదం మగపిల్లవాడి విషయంలో ఎత్తగా నేను వినలేదు. ఈ అమ్మాయి విషయంలో మాత్రం డ్రైవరు కుర్రాడితో నవ్విన సంగతి బల్ల మీదికి వచ్చింది. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో తల్లి దగ్గరికి పంపే వీలుందని నేను వాదించాను. మిగిలిన ఇద్దరూ ఒప్పుకోలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆ పిల్ల మీద నిజంగానే జాలిపడ్డారు. ఆ జాలి వల్లే ఆమె రెండు నెలలకు పైగా హోములో, అంటే ఇలాంటి పిల్లలను ఉంచే వసతి గృహంలో, ఉంది.

ఈ ధోరణికి చరిత్ర ఉంది. బ్రిటిషువారి కాలంలో 1897లో చేసిన రిఫర్మేటరీ స్కూళ్ల చట్టం, జైలుకు బదులు బడికి పంపే అవకాశాన్ని పదిహేనేళ్లలోపు మగపిల్లలకే ఇచ్చింది. ఆడపిల్ల ఆ చట్టం లెక్కలోనే లేదు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1920లో బాలల చట్టం వచ్చింది, ఆ వెంటే బెంగాల్, బొంబాయిలు తమ చట్టాలు చేసుకున్నాయి. దేశం మొత్తానికి ఒకే చట్టం రావడానికి 1986 దాకా పట్టింది. ఆ చట్టం మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లు అని హద్దు పెట్టింది. పైకి చూస్తే ఆడపిల్లల మీద దయ చూపినట్టే ఉంటుంది, పదిహేడేళ్ల అమ్మాయి జైలు తప్పించుకోవడం నిజమే. నేరం చేసినవారితో పాటు దిక్కులేని పిల్లలను కూడా చేర్చుకునే చట్టం అది, కనుక పదిహేడేళ్ల అబ్బాయిని వదిలేసి అదే వయసు అమ్మాయిని సంరక్షణ పేరుతో హోములో పెట్టే వీలూ దానితోనే వచ్చింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరాక, 2000 నాటి చట్టంతో ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు అయింది. అక్షరాల్లో తేడా పోయింది. అలవాట్లలో పోలేదని పై కథ వల్ల మీకు తెలిసే ఉంటుంది.

అమ్మాయిలు తక్కువమంది కావడం కూడా వారికి నష్టమే చేస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో, పిల్లలు నేరం చేశారంటూ 2022లో దేశమంతటా నమోదైన కేసులు 30,555. పట్టుబడినవారిలో దాదాపు అందరూ మగపిల్లలే. అందుకని వారికి ఉన్నన్ని హోములు ఆడపిల్లలకు ఉండవు. ఏ ఊరి పిల్లనైనా వంద, రెండు వందల కిలోమీటర్ల అవతలికి పంపవలసి వస్తుంది. కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని ఎన్నిసార్లు తల్లి వెళ్లి చూసి రాగలదు? లోపల నేర్పే పనులు కూడా కుట్టు, మగ్గం, బ్యూటీ పార్లరు పని దగ్గరే ఆగిపోతాయి. మెకానిక్కు పనో కంప్యూటరో నేర్చుకుంటానని అడిగిన అమ్మాయిని, అలాంటివి ఇక్కడ లేవమ్మా అని కుట్టుమిషను ముందు కూర్చోబెట్టడం నేను చూశాను. అక్కడ మిషన్లు కూడా సగం పనిచేసేవి కావు, అది వేరే సంగతి.

నేరమేదీ చేయకుండానే హోములోకి వచ్చే అమ్మాయిలూ ఉన్నారు. పదిహేడేళ్ల వాళ్లిద్దరు ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్లారనుకోండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమ్మతిని లెక్కలోకి తీసుకోదు, కాబట్టి అమ్మాయి తండ్రి ఫిర్యాదు ఇవ్వగానే ఆ అబ్బాయి బోర్డు ముందుకు వస్తాడు. అమ్మాయి బాధితురాలు. అమ్మానాన్నల దగ్గరికి పోను, కొడతారు అని ఆమె అంటే, రక్షణ అవసరమైన పిల్లల సంగతి చూసే బాలల సంక్షేమ సమితి ఆమెను హోముకు పంపుతుంది. కొంతమందిని పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఉంచుతారు. అబ్బాయి బెయిలు మీద బయటికి వస్తాడు, ఆమె బయటికి రావడానికి మాత్రం బెయిలు అనేదే లేదు, ఎందుకంటే ఆమె నిందితురాలు కాదు! ఈ వయసు హద్దు తగ్గించవద్దని, పదహారు దాటిన వారి కేసుల్లో మాత్రం న్యాయమూర్తికి కొంత విచక్షణ ఇవ్వాలని లా కమిషన్ 2023లో సూచించింది. హద్దు తగ్గించవద్దన్నది సరైన మాటే అని నా అభిప్రాయం. చిన్నపిల్లలను లొంగదీసుకునే పెద్దలు మన చుట్టూ తక్కువేమీ లేరు. ఆ పిల్ల తన మాట చెప్పుకునే చోటు మాత్రం ఉండాలి.

ఘోర నేరాల మాట కూడా అడిగారు. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన అత్యాచారం, హత్య కేసులో ఒకడు మైనరు. మూడేళ్లు హోములో ఉండి అతడు బయటికి వస్తున్న రోజుల్లోనే, 2015 డిసెంబరు 22న, రాజ్యసభ కొత్త చట్టానికి ఆమోదం తెలిపింది. వయసు హద్దు తగ్గించాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2013లోనే తోసిపుచ్చినా, పార్లమెంటు ఇంకో దారి ఎంచుకుంది. కనీస శిక్ష ఏడేళ్లు గాని అంతకంటే ఎక్కువ గాని ఉన్న నేరాన్ని పదహారు నిండిన పిల్లలు చేశారని ఆరోపణ వస్తే, వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను బోర్డు అంచనా వేసి, అవసరమనుకుంటే బాలల కోర్టుకు పంపవచ్చు. అక్కడ పెద్దవారిలా విచారించినా మరణశిక్ష వేయడానికి వీల్లేదు, విడుదలయ్యే ఆశ లేని యావజ్జీవమూ వేయకూడదు, 21 ఏళ్లు వచ్చేదాకా జైలుకు పంపకూడదు. ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడి, నెలల కిందట ఆ పిల్ల మనసులో ఏముందో తేల్చమంటే ఎంత చదివిన మనస్తత్వ నిపుణులైనా తడబడతారు. ఈ ఏర్పాటు మీద నాకు నమ్మకం కుదరలేదు.

మామూలు కేసుల్లో బోర్డు చేయగలిగినవి చాలా ఉన్నాయి. మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగుకు పంపవచ్చు, సమాజసేవ చేయించవచ్చు, ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడికతో ఉండాలన్న షరతు మీద, వదలవచ్చు. ఇవేవీ కుదరనప్పుడే స్పెషల్ హోము, అదీ మూడేళ్లకు మించకుండా. విచారణ నాలుగు నెలల్లో పూర్తికావాలి, కావాలంటే ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు, చిన్న నేరమైతే ఆ గడువు దాటగానే కేసు ముగిసిపోతుంది. న్యాయవాది ఖర్చు గురించి భయపడనక్కరలేదు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉంది, 15100కు ఫోను చేస్తే చాలు. పిల్లలు ఏ ఆపదలో ఉన్నా 1098 ఉంది. మీ తరగతిలో ఎవరికైనా అవసరపడితే ఈ రెండు అంకెలూ చెప్పండి.

ఆ గొలుసు అమ్మాయిని చివరికి ప్రొబేషన్ మీద తల్లి దగ్గరికే పంపాం. ఈ చట్టం కింద తేలిన కేసు వల్ల ఆ పిల్లకు ఉద్యోగానికి గాని, చదువుకు గాని అనర్హత ఉండదు. అప్పీలు గడువో, నియమాల్లో చెప్పిన ఏడేళ్లో గడిచాక రికార్డు ధ్వంసం చేయాలి. పదహారు దాటి, ఘోర నేరానికి బాలల కోర్టులో దోషిగా తేలినవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఉత్తర్వులో ఈ సంగతి రాయించి, చదువు రాని ఆ తల్లికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె అడిగింది ఒక్కటే: పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఈ కాగితం చూపించాలా అని. చూపించనక్కరలేదని, అడిగే హక్కు ఎవరికీ లేదని చెప్పాను. కాగితం మడిచి కొంగున ముడివేసుకుని, మరి ఊరివాళ్లకు తెలిసిపోయింది కదమ్మా అంది. దానికి చట్టంలో సెక్షను లేదు.

మీ పరీక్షలయ్యాక ఇక్కడికి వస్తే మిగతా సంగతులు మాట్లాడుకుందాం.

మీ అమ్మమ్మ