గ్రిస్సమ్ టీమ్ గురించి పిల్లలు అడిగేవి: అపోహలు - వాస్తవాలు

ఫోరెన్సిక్ సైన్స్ చదవాలనుకునే పిల్లలు మా డీఎన్ఏ విభాగం చూడ్డానికి వస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మేడమ్, గ్రిస్సమ్‌లా అవ్వాలంటే ఏ కోర్సు చేయాలి?" 2000 అక్టోబరులో అమెరికా టీవీ చానెల్ సీబీఎస్‌లో మొదలై 2015 దాకా నడిచిన నేరపరిశోధన సీరియల్ 'సీఎస్ఐ'లో లాస్ వేగాస్ నైట్ షిఫ్టు టీమ్‌కు పెద్ద ఈ గ్రిస్సమే. ఆ సీరియల్ నాకూ ఇష్టమే.

అపోహ: నమూనా తీసినవాళ్లే పరీక్షిస్తారు, నిందితుణ్ని ప్రశ్నించేదీ వాళ్లే.

వాస్తవం: సీరియల్లో గ్రిస్సమ్ టీమ్‌లోని కేథరిన్, నిక్, వారిక్, సారా ఘటనా స్థలంలో ఉంటారు, ల్యాబ్‌లో ఉంటారు, పోలీసు కెప్టెన్ బ్రాస్ పక్కన కూర్చుని నిందితుణ్నీ నిలదీస్తారు. అసలు లాస్ వేగాస్ పోలీసు శాఖలో ఆధారాలు సేకరించేది క్రైమ్ సీన్ అనలిస్టులు. వాళ్లు సివిలియన్ ఉద్యోగులు. నిందితుణ్ని ప్రశ్నించడం డిటెక్టివ్‌ల పని, డీఎన్ఏ పరీక్ష ల్యాబ్‌వాళ్ల పని. సీరియల్లో డాక్టర్ రాబిన్స్ చేసే శవపరీక్షకైతే ఆఫీసే వేరు, అది క్లార్క్ కౌంటీ కరోనర్‌ది (మరణాల కారణం తేల్చే అధికారిది). మన దగ్గరా క్లూస్ టీమ్ తీసిన నమూనా సీలు వేసుకుని మాకొస్తుంది. సీలు చెక్కుచెదరలేదని చూసుకున్నాకే తెరుస్తాం.

పనుల మధ్య ఈ గోడలు ఎందుకో పిల్లలకు చెప్పడానికి నేను స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ కేసు ఎత్తుకుంటాను. 2004 మార్చిలో అక్కడి రైళ్లలో బాంబులు పేలాయి. డిటోనేటర్లున్న సంచి మీద దొరికిన వేలిముద్రకు అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కంప్యూటర్ దగ్గరగా పోలిన ముద్రలున్న 20 మందిని చూపింది. సీరియల్లోలాగా ఒక్క ఫొటో వచ్చి ఆగిపోదు. ఆ జాబితాలోంచి ఒక నిపుణుడు అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రపు లాయర్‌ను ఎంచాడు. మొదటాయన ఏం తేల్చాడో తెలిసే తర్వాతివాళ్లు సరిచూశారు, ఔనన్నారు. స్పెయిన్ పోలీసులు మొదటినుంచీ ఒప్పుకోలేదు. మే నెలలో ఆ ముద్ర ఒక అల్జీరియా మనిషిదని వాళ్లే తేల్చారు. అప్పటికి ఆ లాయర్ రెండు వారాలు నిర్బంధంలో ఉన్నాడు. తర్వాత ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. కేసు కథంతా తెలిసిన మనిషి కన్ను ఆ కథకు సరిపోయేదాన్నే వెతుకుతుంది. గ్రిస్సమ్ టీమ్‌కు ప్రతి పరీక్షకు ముందే ఆ కథ తెలుసు. నాకు అన్నిటికంటే భయం కలిగించేది అదే.

అపోహ: సీరియల్లో డీఎన్ఏ పరీక్షలు చేసే గ్రెగ్ శాండర్స్ ఇచ్చినట్టు డీఎన్ఏ రిపోర్టు గంటలో వస్తుంది.

వాస్తవం: డీఎన్ఏను వేరుచేయాలి, ఎంతుందో కొలవాలి, పీసీఆర్‌లో (డీఎన్ఏకు నకళ్లు తీసే పద్ధతిలో) పెంచాలి, మెషిన్‌లో నడపాలి. శుభ్రమైన రక్తపు మరకకే ఒకటి రెండు రోజుల పని, దానికి ముందు వరుసలో ఉన్న కేసులు వేరే. ఎముకైతే ఇంకా ఎక్కువ. ఇద్దరు ముగ్గురి డీఎన్ఏ కలిసిపోయిన మరకల దగ్గర మెషిన్ పని ముగిశాక మా అసలు పని మొదలవుతుంది.

అపోహ: లూమినాల్ (రక్తపు ఆనవాళ్లు వెతకడానికి చల్లే రసాయనం) మెరిస్తే అది రక్తమే.

వాస్తవం: బ్లీచింగ్‌కూ మెరుస్తుంది, రాగికీ మెరుస్తుంది. రక్తమని తేల్చడానికి ఇంకో పరీక్ష కావాలి.

అపోహ: గ్రిస్సమ్ పురుగుల శాస్త్రం కల్పితం.

వాస్తవం: కాదు, నిజం. శవం మీద ఈగలు పెట్టిన గుడ్లు, పిల్లపురుగుల వయసును బట్టి మరణానికి కనీసం ఎంతకాలమైందో చెప్పొచ్చు. అక్కడి ఉష్ణోగ్రతలు తెలియాలి, వేడికి పురుగు త్వరగా పెరుగుతుంది కాబట్టి.

ఇక కోర్సు సంగతి. గ్రిస్సమ్ కోర్సంటూ ఏదీ లేదు. పురుగులు ఇష్టమైతే జువాలజీ చదవండి. సీరియల్లోని హాడ్జెస్‌లా పెయింటు పొరలూ గాజు ముక్కలూ చూడాలనుంటే కెమిస్ట్రీ, తుపాకులైతే ఫిజిక్స్. గ్రెగ్ కుర్చీ కావాలంటే బయోటెక్నాలజీ, జెనెటిక్స్ చదివి మా విభాగానికి రండి.