పట్టా వెనుక లేని ముద్ర: కువైట్‌లో భారతీయ ఇంజినీర్ల చిక్కుకు మూలాలు

కువైట్‌లో ఇంజినీరు హోదాతో పనిచేసే విదేశీయులు అకామా (నివాస అనుమతి) రెన్యువల్ చేయించుకోవాలంటే కువైట్ ఇంజినీర్ల సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలన్న నిబంధన 2018 మార్చిలో అమల్లోకి వచ్చింది. భారతీయుల విషయంలో ఆ సంఘం ప్రధానంగా చూసింది, చదివిన కోర్సుకు జాతీయ అక్రిడిటేషన్ బోర్డు (ఎన్‌బీఏ) గుర్తింపు ఉందా లేదా అన్నదే. ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తున్నవారికే కాక, ఐఐటీల్లోనూ బిట్స్ పిలానీలోనూ చదివినవారికి కూడా ఆ పత్రం దొరకలేదు.

గల్ఫ్‌కు వెళ్లిన మన ఇంజినీరు పట్టాను వెనక్కి తిప్పి చూస్తే ఖాళీ జాగా కనిపించదు. రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర ఒకదాని పక్కన ఒకటి పడి ఉంటాయి. అటెస్టేషన్ అనే ఈ తతంగం పట్టా దొంగది కాదని మాత్రమే రుజువు చేస్తుంది. చదువు ఏ స్థాయిదో అది చెప్పదు. ఇన్ని ముద్రలు వేయించుకున్నాక ఇంకొకటి అవసరపడుతుందని చాలామందికి తోచకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఆ ఇంకొక దాని, అంటే చదువు స్థాయిని గుర్తించే అక్రిడిటేషన్ కథ 1989లో మొదలైంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్ దేశాల సంస్థలు, ఒకరు అక్రిడిటేషన్ ఇచ్చిన ఇంజినీరింగ్ కోర్సును మిగిలినవారు తమ కోర్సుతో సమానంగా చూడాలని వాషింగ్టన్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. మన దేశంలో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 1994లో ఎన్‌బీఏను నెలకొల్పింది. 2007లో ఆ ఒప్పందంలో తాత్కాలిక సభ్యత్వం, 2014 జూన్‌లో శాశ్వత సభ్యత్వం దక్కాయి. అయితే కళాశాల నడపడానికి ఏఐసీటీఈ అనుమతి తప్పనిసరి గాని, ఎన్‌బీఏ గుర్తింపు ఐచ్ఛికం. పైగా అది కళాశాల మొత్తానికి కాకుండా కోర్సు కోర్సుకు, కొన్నేళ్ల గడువుతో ఇచ్చేది కాబట్టి ఒకే ఆవరణలో సివిల్‌కు ఉండి మెకానికల్‌కు లేకపోవచ్చు. సొంత చట్టం కింద, ఏఐసీటీఈ పరిధికి వెలుపల నడిచే ఐఐటీలకు తమ పేరే చాలినంత గుర్తింపుగా ఉండేది.

సరిగ్గా ఈ కాలంలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కళాశాలల సంఖ్య ఏడు వందలు దాటింది. కౌన్సెలింగ్‌కు వచ్చిన తల్లిదండ్రులు ర్యాంకునూ ఫీజునూ ప్లేస్‌మెంట్లనూ చూసుకున్నారు. ఎన్‌బీఏ సంగతి అప్పుడే వారికి స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత కళాశాలలదీ నియంత్రణ సంస్థలదీ అని నా నమ్మకం. తెలిసి అడిగినవారికి కూడా సగమే తెలిసేది. ఎందుకంటే వాషింగ్టన్ ఒప్పందం కిందకు వచ్చేది విశ్వవిద్యాలయాలకూ స్వయంప్రతిపత్తి సంస్థలకూ ఇచ్చే టైర్-1 గుర్తింపు మాత్రమే. జేఎన్‌టీయూల వంటి వాటికి అనుబంధంగా నడిచే మామూలు కళాశాలలకు ఇచ్చే టైర్-2 గుర్తింపు ఆ ఒప్పందం పరిధిలోకి రాదు.

కువైట్‌లో చిక్కుకున్నవారి వివరాలను భారత రాయబార కార్యాలయం సేకరించింది. ప్రభుత్వ స్థాయిలోనూ చర్చలు జరిగాయి. ఈలోగా అకామా గడువు ఆగదు. భార్యాపిల్లల నివాస అనుమతి కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది గనుక, ఇంజినీరు అన్న మాటను తీసేయించి వేరే హోదాతో రెన్యువల్ చేయించుకున్నవారున్నారు. చాలా ఏళ్ల కిందట చదివినవారికి మరో కష్టం ఉంది. ఇప్పుడు కళాశాల ఎన్‌బీఏకు దరఖాస్తు చేసి గుర్తింపు తెచ్చుకున్నా, అది నిర్ణీత విద్యా సంవత్సరం నుంచే లెక్కకు వస్తుంది. 2003లో పట్టా పుచ్చుకున్నవారికి వర్తించదు.