సైలెన్సర్‌లో చిక్కిన వాయువు ఎటు పోవాలి?

సైలెన్సర్ అనగానే తెలుగువాళ్లకు ముందుగా గుర్తుకు వచ్చేది మోటారు సైకిలు. బుల్లెట్ బండికి కంపెనీ బిగించిన సైలెన్సరు తీసేసి, వీధంతా మోగిపోయే గొట్టం పెట్టించుకునే కుర్రకారునూ, అలాంటి గొట్టాలను పోలీసులు రోడ్డు మీద వరసగా పేర్చి రోలరుతో తొక్కించే దృశ్యాన్నీ పత్రికల్లో చూస్తూనే ఉంటాం. ఆ గొట్టాలు మార్చే మెకానిక్కును కదిలిస్తే, పొగ పోయే దారి ఇరుకైతే ఇంజనుకు ఊపిరాడదనీ, దారి తెరిస్తే చప్పుడు పెరుగుతుందనీ చెబుతాడు. బయటికి పోవలసిన వాయువుకు అడ్డు తగిలినప్పుడు అది వెనక్కి నెట్టే ఈ ఒత్తిడికే బ్యాక్ ప్రెషర్ అని పేరు. తుపాకీ సైలెన్సర్లను తయారుచేసేవారు ఈమధ్య అన్నిటికంటె ఎక్కువగా కుస్తీ పడుతున్నది దీనితోనే.

బండికీ తుపాకీకీ ఈ పోలిక నేను తెచ్చిపెట్టింది కాదు, పుట్టుకతో వచ్చిందే. 1884లో పూర్తిగా తనంతట తానే పనిచేసే మెషిన్ గన్‌ను రూపొందించిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్‌కు, ఏళ్ల తరబడి ఆ మోతల మధ్య పనిచేయడం వల్ల వినికిడి బాగా దెబ్బతిన్నది. ఆయన కుమారుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్ మోటారు కార్ల ఇంజనీరు. తుపాకీ సైలెన్సర్‌కు 1909లో అమెరికాలో పేటెంటు పొందిన ఈయన, అదే సూత్రాన్ని ఇంజన్ల పొగగొట్టాలకు కూడా వర్తింపజేశాడు. స్నానాల తొట్టి ఖాళీ అవుతున్నప్పుడు నీరు సుడి తిరుగుతూ నెమ్మదిగా దిగడం చూసి, వాయువును కూడా అలాగే సుడి తిప్పితే ఆలస్యంగా బయటపడుతుంది కదా అన్న ఆలోచన ఆయనకు వచ్చిందని చెప్పుకుంటారు. సైలెన్సర్ అన్న మాటను జనంలోకి తెచ్చింది కూడా ఆయన సరుకు పేరే. ఇంజనీర్లు ఇప్పుడు ఎక్కువగా వాడే సప్రెసర్, అంటే అణచేది అన్న పేరు, దీనికంటె నిజాయితీగా ఉంటుంది; ఎందుకంటే ఈ పరికరం నిశ్శబ్దాన్ని ఇవ్వదు.

రైఫిలు పేలినప్పుడు వినిపించేది ఒక్క చప్పుడులా తోచినా, అందులో కనీసం మూడు కలిసి ఉంటాయి. మొదటిది, బుల్లెట్ వెనకాల నుంచి గొట్టం మూతి దాటి ఒక్కసారిగా వ్యాకోచించే వేడి వాయువు చేసే విస్ఫోటనం. రెండవది, ధ్వనిని మించిన వేగంతో దూసుకుపోయే బుల్లెట్ గాలిని చీల్చడం వల్ల పుట్టే పెళుసైన చటక్కుమనే మోత. మూడవది, ఇనుప భాగాలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు. సైలెన్సర్ అణచగలిగేది మొదటిదాన్ని మాత్రమే. 20 డిగ్రీల గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు కాగా, 5.56 మిల్లీమీటర్ల రైఫిలు బుల్లెట్ దాదాపు 900 మీటర్ల వేగంతో వెళుతుంది కాబట్టి, మూతికి ఏమి తగిలించినా రెండవ మోత పోదు. హీరో తుపాకీకి చిన్న గొట్టం బిగించగానే తుస్సుమనే సినిమా చప్పుడు సినిమాలోనే సాధ్యం.

అంకెల్లో చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. మన దేశంలో దీపావళి టపాకాయ పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో దాని శబ్దశిఖరం 145 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన ఉంది. 5.56 రైఫిలు మోత మూతి దగ్గర 160 డెసిబెల్స్‌ను సులభంగా దాటుతుంది. ఒక్క దెబ్బతోనే వినికిడికి శాశ్వతంగా హాని కలిగే ప్రమాదం మొదలయ్యే గీతగా 140 డెసిబెల్స్‌ను లెక్కిస్తారు. 140 డెసిబెల్స్ అంటే గాలిలో 200 పాస్కల్‌ల ఒత్తిడి. 165 అంటే 3,500 పాస్కల్‌ల పైమాటే. కాగితం మీద 25 అంకెల తేడాగా కనిపించేది, కర్ణభేరికి దాదాపు 18 రెట్ల తాకిడి. మంచి సైలెన్సర్ 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది కాబట్టి, దాని గొప్పతనమంతా మోతను ఆ గీత సమీపానికో, కొంచెం కిందికో దించడంలో ఉంది.

దించే పద్ధతి వంటింటి కుక్కరును చూస్తే తెలుస్తుంది. పొయ్యి కట్టేసి, ఆవిరిని కొద్దికొద్దిగా వదిలితే చిన్న బుస తప్ప ఏమీ ఉండదు. అదే ఆవిరి ఒక్కసారిగా బయటపడితే ఇల్లు దద్దరిల్లుతుంది. సంప్రదాయ సైలెన్సర్ ఒక గుండ్రటి డబ్బా. దాని లోపల మధ్యలో రంధ్రం ఉన్న అడ్డుబిళ్లలు వరసగా ఉంటాయి. బుల్లెట్ రంధ్రాల గుండా నేరుగా వెళ్లిపోతుంది, వెనక వచ్చే వాయువు ఒక్కొక్క గదిలోకీ పక్కకు మళ్లి, సుళ్లు తిరిగి, తన వేడిని లోహానికి అప్పజెప్పి, ఒత్తిడి తగ్గిన తరువాత నింపాదిగా బయటికి వస్తుంది. అంటే చప్పుడు తగ్గించడమంటే వాయువును ఆపి ఉంచడమే. గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీని, అంటే బోల్టును, చేతితో లాగి తూటా ఎక్కించే పాత రకం వేట తుపాకీలో ఈ ఆలస్యం వల్ల ఇబ్బంది లేదు. బోల్టు తెరిచేది మనిషి. అతని చెయ్యి కదిలే లోపల వాయువు ఎప్పుడో పోయి ఉంటుంది. అందుకే మాక్సిమ్ కాలంలో ఈ సమస్య పెద్దగా ఎవరికీ పట్టలేదు.

సెమీ ఆటోమేటిక్ రైఫిలు విషయం వేరు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, ఖాళీ ఇత్తడి గొట్టం బయటపడి, కొత్త తూటా దానంతటదే ఎక్కడానికి కావలసిన శక్తిని చాలా రైఫిళ్లు ఆ వాయువు నుంచే దొంగిలించుకుంటాయి. అమెరికాలో పుట్టిన ఏఆర్-15 రైఫిలును రూపొందించిన యూజీన్ స్టోనర్ ఇందుకు చేసిన ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది: గొట్టం పైభాగాన చిన్న రంధ్రం, అక్కడి నుంచి వెనక్కి వచ్చే సన్నని నాళం, ఆ నాళంలో వచ్చిన వాయువు తోస్తే బోల్టును వెంటబెట్టుకుని వెనక్కి జరిగే బోల్ట్ క్యారియర్. అదే కుటుంబానికి చెందిన ఎం4 రైఫిలు గొట్టం పొడవు దాదాపు 37 సెంటీమీటర్లు. అందులో వాయురంధ్రం దాటాక మూతి దాకా మిగిలేది సుమారు 18 సెంటీమీటర్లు. ఆ దూరాన్ని బుల్లెట్ దాటడానికి పట్టే కాలం సెకనులో 5,000వ వంతు. ఆ రెప్పపాటులో వందవ వంతు కూడా లేని వ్యవధిలో రంధ్రంలోకి దూరిన వాయువూ, బుల్లెట్ మూతి దాటాక ఒత్తిడి పడిపోయే లోపల దూరిన మరికొంత వాయువూ కలిసి యంత్రాన్ని నడిపిస్తాయి. రంధ్రం వ్యాసం మొదలుకొని స్ప్రింగు బిగువు దాకా సమస్తమూ ఈ లెక్క మీదే నిలిచి ఉంటుంది.

ఇప్పుడు మూతికి సైలెన్సర్ తగిలించి చూడండి. బుల్లెట్ బయటపడినా గొట్టంలో ఒత్తిడి వెంటనే పడిపోదు, ఎందుకంటే ముందున్న డబ్బా నిండుగా ఉంది. వాయువు నాళంలోకి ఇంకా ఇంకా వస్తూనే ఉంటుంది. బోల్ట్ క్యారియర్ ఉండవలసిన దానికంటె వేగంగా, ఉండవలసిన సమయానికంటె ముందుగా వెనక్కి పరుగెత్తుతుంది. పేలుడు ఒత్తిడికి ఉబ్బి, తూటా కూర్చునే గది అయిన చాంబరు గోడలను కరుచుకుని ఉన్న ఇత్తడి గొట్టం ఇంకా సడలకముందే, పీకుడు కొక్కెం దాన్ని బలవంతంగా లాగుతుంది. అంచు చిరిగినా చిరగవచ్చు, కొక్కెం విరిగినా విరగవచ్చు. వేగం మరీ పెరిగితే మ్యాగజైనులోని తూటా పైకి లేచే లోపలే బోల్టు దాని మీదుగా దాటిపోయి, రైఫిలు ఖాళీగా మూసుకుంటుంది. ఇదంతా యంత్రానికి జరిగే నష్టం.

మనిషికి జరిగేది ఇంకొకటి ఉంది. చాంబరు తెరుచుకునే వేళకు గొట్టంలో ఇంకా ఒత్తిడి మిగిలి ఉంటుంది కాబట్టి, ఆ వాయువు దగ్గరి దారి చూసుకుని ఖాళీ తూటా బయటపడే కిటికీ నుంచీ, వెనకనున్న సందుల నుంచీ సరిగ్గా కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లకైతే ఆ కిటికీ చెంపకు ఎదురుగానే ఉంటుంది. కళ్లు మండించే ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, అమోనియా, కొద్దిపాటి హైడ్రోజన్ సైనైడ్, తూటా అడుగునుండే ప్రైమరు నుంచి వచ్చే సీసం, బుల్లెట్ తొడుగు నుంచి వచ్చే రాగి, జింకు రేణువులు ఉంటాయి. సీసం ప్రమాదకరమని సీసం లేని తూటాలకు మారిన నార్వే సైన్యంలో, కాల్పుల తరువాత సైనికులు చలిజ్వరం, తలనొప్పి వంటి లక్షణాలతో బాధపడటం, పరిశోధకులు వాటి పొగను ప్రత్యేకంగా పరీక్షించవలసి రావడం, ఈ విషయాన్ని చిన్నచూపు చూడటానికి వీల్లేదని తేల్చాయి. తూటా పొగే అలాంటిదైనప్పుడు, దాన్ని ముఖం మీదికి మళ్లించే పరికరం సంగతి చెప్పనక్కరలేదు.

దీనికి పాత విరుగుళ్లు లేకపోలేదు. వియత్నాం యుద్ధకాలంలో ఎం16 రైఫిలు కోసం చేసిన కొన్ని సైలెన్సర్లలో, లోపలి ఒత్తిడి పెరిగితే స్ప్రింగు వెనక్కి జరిగి వాయువును వదిలే వాల్వు పెట్టారు. తరువాత వాయురంధ్రాన్ని తిప్పి తగ్గించుకునే బిరడాలూ, బోల్ట్ క్యారియర్ వెనకడుగును మందగింపజేసే బరువైన బఫర్లూ, గట్టి స్ప్రింగులూ వచ్చాయి. ఇవన్నీ తుపాకీని సైలెన్సర్‌కు అనుగుణంగా సర్దుబాటు చేసే ఉపాయాలు. సైలెన్సర్ తీసేస్తే ఆ సర్దుబాటే అడ్డం తిరిగి, వాయువు చాలక తుపాకీ మధ్యలో ఆగిపోతుంది. తగిలించినా తీసినా రైఫిలు ఒకే తీరుగా పనిచేయాలంటే సర్దుకోవలసింది తుపాకీ కాదు, సైలెన్సరే.

తక్కువ బ్యాక్ ప్రెషర్ సైలెన్సర్ల ఆలోచన ఇక్కడ మొదలవుతుంది. వాయువును గదుల్లో బంధించే బదులు, బుల్లెట్ దారి పక్కనుంచి మెలికలు తిరిగే కాలువల్లోకి మళ్లించి, ముందు వైపుకే నడిపిస్తూ, దారి పొడవునా వేడినీ వేగాన్నీ పీల్చుకుని, విశాలంగా ఉన్న ముందరి ముఖం నుంచి పలుచగా వదిలేస్తారు. ఆనకట్ట కట్టి నీటిని ఆపడానికీ, వరదను పది పిల్లకాలువల్లోకి చీల్చి జోరు తగ్గించడానికీ ఎంత తేడా ఉందో ఈ రెండు పద్ధతులకూ అంత తేడా ఉంది. వాయువు ఎక్కడా నిలవదు, కాబట్టి వెనక్కి తన్నదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఓఎస్ఎస్ అన్న పేరుతో మొదలై తరువాత హక్స్‌వర్క్స్‌గా మారిన సంస్థ ఈ బాటలో ముందు నడిచింది. ఇప్పుడు పేరున్న తయారీదారులు చాలామంది ఇలాంటి రకాన్ని ఏదో ఒకటి చేస్తున్నారు.

ఆలోచన సులువే, చేయడమే కష్టంగా ఉండేది. ఒకదానిలో ఒకటి చుట్టుకున్న మెలికల కాలువలను లేత్ మీద తిరగేయడం దాదాపు అసాధ్యం. ఏ పనిముట్టూ ఆ లోపలికి చేరదు. లోహపు పొడిని పలుచగా పరిచి, లేజరుతో కావలసిన చోట మాత్రమే కరిగించి, పొర మీద పొర పేర్చే త్రీడీ ప్రింటింగ్ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. ఒక్కొక్క పొర మందం పదుల మైక్రాన్లే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పొడిగా వాడేది టైటానియం, లేదా జెట్ ఇంజన్లలో వాడే ఇన్‌కొనెల్ 718 వంటి నికెల్ మిశ్రలోహం. ఆ కోవకు చెందిన లోహాన్ని సూపర్‌ని 718 అన్న పేరుతో హైదరాబాదులోని ప్రభుత్వరంగ సంస్థ మిధాని తయారుచేస్తుంది, మన రాకెట్లూ విమాన ఇంజన్ల అవసరాల కోసం. ఎడతెగకుండా కాల్చినప్పుడు సైలెన్సర్ లోపలి భాగం ఎర్రగా కాలుతుంది. టైటానియం తేలికే గాని ఆ వేడిలో బలం కోల్పోయి రవ్వలు చిమ్ముతుంది, నికెల్ మిశ్రమం బరువే గాని తట్టుకుంటుంది.

సైన్యాలు ఈ పరికరాల వైపు మొగ్గడానికి రహస్య దాడులకంటె మామూలు కారణమే బలమైనది: పక్కవాడి మాట వినపడటం. అమెరికా మెరైన్ కోర్ 2020 చివరి నుంచి తన పదాతిదళాలన్నిటికీ, దాదాపు 30,000 సైలెన్సర్లు సమకూర్చే పని చేపట్టింది. 2022 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం కొత్త 6.8 మిల్లీమీటర్ల రైఫిలు కోసం సిగ్ సావర్ సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు సైలెన్సర్ అందులో విడదీయని భాగంగానే వచ్చింది, విషవాయువులు సైనికుడి ముఖం మీదికి రాకుండా చూడటం దాని రూపకల్పనలో ఒక లక్ష్యమైంది. పౌరుల సంగతికి వస్తే దేశదేశానికీ తీరు మారుతుంది. అమెరికాలో 1934 చట్టం సైలెన్సర్ మీద 200 డాలర్ల పన్ను వేసింది, ఆనాటికి అది పెద్ద మొత్తం. 2026 జనవరి 1 నుంచి పన్ను సున్నాకు దిగినా నమోదు మాత్రం తప్పదు. ఫిన్లాండ్, నార్వేలలో వేటగాళ్లు దాన్ని చెవుల రక్షణ సాధనంగానే చూస్తారు. మన 1959 ఆయుధాల చట్టం మాత్రం, చప్పుడునూ మెరుపునూ తగ్గించే ఉపకరణాన్ని ఫైర్‌ఆర్మ్స్, అంటే తుపాకులు, అన్న నిర్వచనంలోనే కలిపేసింది, కాబట్టి ఇక్కడ ఆ ఖాళీ డబ్బా కూడా చట్టం దృష్టిలో తుపాకీయే.

ఇంతకీ ఈ కొత్త రకం నిజంగా నయమా అంటే, ఎవరి చెవికి అని అడగవలసి వస్తుంది. సైనిక ప్రమాణాల ప్రకారం మోతను కొలిచేటప్పుడు ఒక మైక్రోఫోనును మూతికి పక్కగా 1 మీటరు దూరంలోనూ, మరొకదాన్ని కాల్చేవాడి చెవికి జానెడు లోపునా ఉంచుతారు. పీడనం ఎగసి పడిపోవడం సెకనులో లక్షల వంతుల్లో జరిగిపోతుంది కాబట్టి, సెకనుకు దాదాపు 2 లక్షల సార్లు నమూనా తీసుకోగల పరికరాలే పనికివస్తాయి. ఈ రెండు మైక్రోఫోన్లూ ఒకే తీర్పు ఇవ్వవు. గదులున్న పాత రకం మూతి దగ్గర ఎక్కువ నెమ్మదిగా ఉండి, చెవి దగ్గర కిటికీలోంచి వెలువడే వాయువు మోతతో ఓడిపోవచ్చు. కాలువలున్న కొత్త రకం ముందు వైపు కాస్త గట్టిగా వినిపించి, మూతి దగ్గర మెరుపు కూడా కొంత ఎక్కువ చూపించి, చెవి దగ్గర గెలవవచ్చు. ప్రకటనల్లో చాలాకాలం పాటు మూతి దగ్గరి అంకె ఒక్కటే అచ్చవుతూ వచ్చింది, అది చిన్నదిగా కనిపిస్తుంది కనుక. ఆ అంకెలోనూ ఒక మెలిక ఉంది: సైలెన్సర్ లోపల అప్పటిదాకా ఉన్న గాలిలోని ఆక్సిజన్‌తో, పూర్తిగా మండని వాయువు కలిసి మండుతుంది కాబట్టి, మొదటి తూటా మోత తరువాతి వాటికంటె తరచుగా హెచ్చుగా నమోదవుతుంది. రెండవ తూటా నాటికి లోపల గాలి ఉండదు, పొగే ఉంటుంది.