నోట్లో ఒకటి, ఛాతీ మీద ఇంకొకటి

స్కూబా డైవింగ్‌కి దిగే ముందు రెగ్యులేటర్, అంటే ట్యాంకులోని గాలిని పీల్చుకునేలా అందించే పరికరం, నోట్లో పెట్టుకుని, ప్రెజర్ గేజ్ వైపు చూస్తూ నాలుగైదు సార్లు గట్టిగా గాలి పీల్చండి. ముల్లు కదలకపోతే సరే. పీల్చినప్పుడల్లా కిందికి జారి మళ్లీ లేస్తోందంటే ట్యాంకు వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. ఒడ్డున ఆ సన్నటి సందులోంచి వచ్చే గాలే సరిపోతుంది కాబట్టి తేడా తెలియదు, కానీ 25 మీటర్ల లోతులో ఒక్కో ఊపిరికి మూడున్నర రెట్ల గాలి కావాలి, అక్కడ ట్యాంకు నిండుగా ఉన్నా ఊపిరి ఆడదు. అప్పుడు మీ ఛాతీ మీద ఉన్న పసుపు రంగు స్పేర్ రెగ్యులేటర్ కూడా ఆదుకోదు, ఎందుకంటే దానికీ గాలి అదే వాల్వ్ లోంచి రావాలి.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఆక్టోపస్ అని పిలిచే ఆ స్పేర్ ప్రధానంగా మన కోసం కాదు, జతగా డైవ్ చేసే పక్క మనిషి, అంటే బడ్డీ కోసం.

ట్యాంకులో గాలి దాదాపు 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. ట్యాంకుకి బిగించే ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 10 బార్ ఎక్కువ దాకా దించుతుంది, నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ ఇంకా తగ్గించి, పీల్చినప్పుడు మాత్రమే వదులుతుంది. ఆక్టోపస్ అంటే అదే ఫస్ట్ స్టేజ్‌కి కాస్త పొడవైన గొట్టంతో తగిలించిన రెండో సెకండ్ స్టేజ్, అంతే. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు కలిసి ఆక్వాలంగ్ అనే తొలినాళ్ల స్కూబా పరికరం తయారుచేసినప్పుడు ఇలాంటి స్పేర్ లేదు. గాలి అయిపోతే ఇద్దరూ ఒకే మౌత్‌పీస్‌ని మార్చుకుంటూ చెరో రెండు ఊపిర్లు తీసుకోవాల్సి వచ్చేది. భయంలో ఉన్న మనిషి ఒకసారి గాలి దొరికాక దాన్ని తిరిగి ఇవ్వడం ఎంత కష్టమో ఊహించుకోండి.

రెగ్యులేటర్ పాడైతే గాలి టక్కున ఆగిపోతుందని భయపడతారు గానీ, జరిగేది ఎక్కువగా దానికి వ్యతిరేకం. లోపలి వాల్వ్ గాలి వచ్చే దిశలోనే తెరుచుకునేలా ఉంటుంది, అందుకే ఒత్తిడి అదుపు తప్పితే మూసుకుపోకుండా ధారగా వదిలేస్తుంది. దీన్నే ఫ్రీ ఫ్లో అంటారు. చల్లటి నీళ్లలో వ్యాకోచించే గాలి ఇంకా చల్లబడి, మంచు పట్టి కూడా ఇలా జరుగుతుంది. పెదాలు బిగించకుండా ఆ ధార లోంచి ఊపిరి తీసుకోవచ్చు, కానీ ట్యాంకు నిమిషాల్లో ఖాళీ.

ఇప్పుడు ఒక లెక్క. 12 లీటర్ల ట్యాంకులో 50 బార్ మిగిలిందంటే 600 లీటర్ల గాలి ఉన్నట్టు. 30 మీటర్ల దగ్గర బడ్డీకి గాలి అయిపోయింది, ఇద్దరూ మీ ట్యాంకు మీదే, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావాలి. నెమ్మదిగా ఊపిరి తీసుకునే మనిషికి ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు చాలు. ఆ లెక్కన ఇద్దరికీ పైదాకా సుమారు 330 లీటర్లు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌కి, అంటే పైకి వచ్చే ముందు జాగ్రత్త కోసం ఆగడానికి, ఇంకో 180. ఎలాగో సరిపోతుంది. అదే టెన్షన్‌లో ఇద్దరి ఊపిరీ రెట్టింపైతే స్టాప్ సంగతి పక్కన పెట్టినా 660 దాటుతుంది, పైకి చేరేలోపే గాలి అయిపోతుంది. అందుకే లోతుకి వెళ్లేవాళ్లు 50 బార్ మిగిల్తే చాలని అనుకోకూడదని నేను గట్టిగా చెబుతాను. వేరే ఫస్ట్ స్టేజ్‌తో ఉండే 3 లీటర్ల చిన్న సిలిండర్, అంటే పోనీ, నిండుగా ఉంటే అదే ఇంకో 600 లీటర్లు. సొంత గాలికి నిజమైన స్పేర్ అది.

ఆక్టోపస్ ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. గడ్డానికీ పక్కటెముకలకీ మధ్య, ముందు నుంచి కనబడేలా, లాగితే ఊడొచ్చేలా ఉండాలి. వదులుగా వేలాడితే ఇసుకలో ఈడ్చుకుంటుంది, గాలి బయటికి పోయే పల్చటి రబ్బరు మూత కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా గాలితో పాటు నీళ్లూ నోట్లోకి వస్తాయి. చాలా మోడళ్లలో తలకిందులుగా నోట్లో పెట్టుకున్నా అదే జరుగుతుంది. ఈ గొడవ తెలిసే గుహల్లో దిగే డైవర్లు రెండు మీటర్ల పొడవు గొట్టం ఉన్న, తమ నోట్లోని రెగ్యులేటర్‌నే ఇచ్చేసి, మెడకి రబ్బరు తాడుతో కట్టుకున్న రెండోది తాము పెట్టుకుంటారు. ఇచ్చేది పనిచేస్తోందని అప్పటికే తెలుసు కదా. భయపడ్డ మనిషి ఎలాగూ మన నోట్లోదే లాక్కునే అవకాశం ఉంది కాబట్టి ఈ పద్ధతే నాకు ఎక్కువ నచ్చుతుంది.

అరచేతిని గొంతుకి అడ్డంగా కోసినట్టు ఊపితే గాలి లేదని. రెగ్యులేటర్ అందుకున్నాక ముందు ఊపిరి వదిలి లోపలి నీళ్లు బయటికి తోసేయాలి, వదలడానికి ఊపిరే లేకపోతే మధ్యలోని పర్జ్ బటన్ నొక్కాలి. ఒకరి పట్టీ ఒకరు పట్టుకుని, రెండు మూడు ఊపిర్లు తీసుకున్నాకే కదలాలి. దారిలో ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, ఆఖరి 10 మీటర్లలోనే ఊపిరితిత్తుల్లోని గాలి రెండింతలవుతుంది, బిగబడితే చిరిగిపోతాయి. ఇక పైకి తేలాక చాలామంది మర్చిపోయేది ఒకటుంది: నీటి మీద తేలడానికి ట్యాంకు గాలితో ఉబ్బించే జాకెట్, ట్యాంకు ఖాళీ అయినవాళ్లకి బటన్ నొక్కినా ఉబ్బదు, నోటితోనే ఊదుకోవాలి, అదీ చేతకాకపోతే నడుముకున్న బరువులు వదిలేయాలి.